గుమ్మం పక్క చోటు

చలికాలం దాచుకోవడానికి ఆఫ్కె కొట్టంలోకి మడతబండి అడుగుపెట్టాలంటే ముందు అది ఆవిడ చెంపకు నచ్చాలి. కారు వెనక తగిలించుకుని వెళ్ళేటప్పుడు భోషాణం పెట్టెలా బుద్ధిగా ఉండి, విప్పితే పరుపులతో, పొయ్యిగట్టుతో సహా గుడారమై కూర్చునే బండి అది. ఎవరిదైనా కానివ్వండి, ఎంత కొత్తదైనా కానివ్వండి, పెరట్లో నిలిపి పూర్తిగా విప్పి చూపించాల్సిందే. ఆవిడ బూట్లు బయట వదిలి లోపలికి దూరి, గుడ్డకు కుడిచెంప ఆనించి కళ్ళు మూసుకుంటుంది. తర్వాత కుట్లు వెతుక్కుంటూ పోయి అక్కడా ఆనిస్తుంది. గుడ్డ ఆరినా కుట్టు ఆరదని ఆవిడ సిద్ధాంతం. చెంపకు చల్లగా తగిలిందా, ఇక బేరాల్లేవు. ఆరబెట్టుకుని రమ్మని పంపేస్తుంది.

మొన్న ఎండలోనే మడిచామని ప్రమాణాలు చేసేవాళ్ళు ఏటా ఉంటారు. గుడారాన్ని తడిగానే మడిచానని ఒప్పుకున్న మగవాడు ఈ ఫ్రైస్‌లాండ్ సీమలో ఇంతవరకు పుట్టలేదు. సెలవుల ఆఖరి రోజునే వాన పడుతుంది. పిల్లలు కారెక్కి గోల పెడుతుంటారు. ఇంటికెళ్ళాక విప్పి ఆరబెడదాంలే అనుకుని గబగబా చుట్టేస్తారు. ఇంటికెళ్ళాక ఉతుకులు, పిల్లల చదువులు, ఉద్యోగాలు. అక్టోబరులో గుర్తొస్తుంది. ఒకసారి హాలండ్ వైపు నుంచి వచ్చిన పెద్దమనిషి తన బండి మీద ఆ వేసవంతా చుక్క పడలేదని గట్టిగా వాదించాడు. ఆఫ్కె మడతలోకి చెయ్యి పెట్టి, బతికున్న నత్తను ఒకదాన్ని తీసి ఆయన అరచేతిలో ఉంచింది.

"దీన్నే అడుగుదాం, ఇదైతే అబద్ధమాడదు" అంది.

ఆ పెద్దమనిషి ఇప్పటికీ ఏటా ఆవిడ దగ్గరికే వస్తాడు. గుడ్డ మాత్రం అప్పడంలా ఎండి ఉంటుంది.

ఆ కొట్టంలో ఒకప్పుడు ఆవులు ఉండేవి. ఆఫ్కె పుట్టింది ఆ పొలంలోనే, పాలు పిండడం నేర్చుకున్నది ఆ కొట్టంలోనే. పెళ్ళయ్యాక కూడా ఎక్కడికీ పోలేదు. మొగుడు రొమ్మెర్ట్‌నే ఇంటికి తెచ్చుకుంది. రొమ్మెర్ట్ మంచివాడు, మాట్లాడడు. ఆయన రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే అందులో మూడు ట్రాక్టరుతో అని ఊళ్ళో నవ్వుకుంటారు. ఇద్దరి మోకాళ్ళూ అరిగిపోయాక ఆవుల్ని అమ్మేశారు. ఆ రోజు సాయంత్రం పాలవేళకు ఆఫ్కె ఖాళీ కొట్టంలోకి వెళ్ళి నిలబడి, ఈ నిశ్శబ్దాన్ని తను భరించలేనని తేల్చుకుంది. ఆ చలికాలమే పక్క పొలంవాడు తన బండి పెట్టుకోనిమ్మని అడిగాడు. తర్వాతి ఏడు వాడి బావమరిది వచ్చాడు. అలా మొదలైంది.

ఇప్పుడు ఆ కొట్టంలో ఆఫ్కె మాటే వేదం. పరుపులు ఇంటికి పట్టుకుపోవాలి. డబ్బాల్లో బిస్కెట్టు ముక్క కూడా మిగలకూడదు, ముక్క ఉన్నచోటికి ఎలుక వస్తుంది, ఎలుక వచ్చిన చోట పరుపే కాదు గుడారం కూడా దాని కాపురమే. హ్యాండ్‌బ్రేకు వదిలేసి చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టాలి. బ్రేకు లాగిపెట్టి చలికాలమంతా వదిలేస్తే వసంతంలో చక్రం తిరగనని మొండికేస్తుంది. పైన ప్లాస్టిక్ కప్పితే ఆవిడ కళ్ళెర్రజేస్తుంది. ప్లాస్టిక్ కింద గుడ్డకు ఊపిరాడదు, చెమటపట్టి బూజెక్కుతుంది. పాత దుప్పట్లు ఆవిడే కప్పుతుంది. ఆ కొట్టంలో ఆవిడ ఆజ్ఞ లేనిదే సాలెపురుగైనా గూడు కట్టదు.

ఇక వరసలు. కొట్టానికి పెద్ద తలుపు ఒకటే, కాబట్టి ముందు వచ్చినవాడు లోతుకు పోతాడు, చివర వచ్చినవాడు వసంతంలో ముందు బయటపడతాడు. జులై సెలవులకు గాని కదలనివాళ్ళు చిట్టచివర గోడ దగ్గర, వేసవి మొదట్లో పెంతెకొస్తు పండక్కి కదిలేవాళ్ళు నడిమిన, ఈస్టర్‌కే పరుగుతీసే తొందరగాళ్ళు ముందు. వాళ్ళందరికంటే ముందు, సరిగ్గా గుమ్మం పక్కన, ఆఫ్కె సొంత బండి. ఈస్టర్ ముందు రోజున, వడగళ్ళు పడుతున్నా సరే, ఆఫ్కె బండి అందరికంటే ముందు రోడ్డెక్కుతుంది. టెర్‌స్కెలింగ్ దీవికి వెళ్ళే పడవ ఎక్కుతుంది. ఆవిడ బండి ఊరు దాటితే గాని చలికాలం పోయినట్టు కాదని ఊళ్ళో అనుకుంటారు. ఆ మాట చెవినపడ్డప్పుడల్లా ఆవిడ పట్టించుకోనట్టు నటిస్తుంది గాని, లోపల ఎంత పొంగిపోతుందో రొమ్మెర్ట్‌కు తెలుసు.

ఇవి కాక ఇంకో చోటుంది. కొట్టం పక్కన వేరే తలుపుతో దూడల పాక. అమ్మకానికి పెట్టినవి, యజమాని ముసలివాడైపోయి పిల్లలకు అక్కర్లేనివి, ఎవరూ ఫోను చెయ్యనివి అందులోకి పోతాయి. అందులోకి పోయిన బండి మళ్ళీ తన మనిషితో బయటికి రావడం ఆఫ్కె ఇంతవరకు చూడలేదు.

చలికాలపు అప్పగింతల శనివారం ఆ ఊళ్ళో చిన్న తిరనాళ్ళే. పెరడంతా గుడారాలు లేస్తాయి. జనం ఒకరి గుడారంలోకి ఒకరు తొంగిచూసి, ఇదేం అల్లిక, అదేం కర్టెను అని వంకలు పెట్టుకుంటారు. వంటింట్లో బఠాణీ సూపు ఉడుకుతుంది, చక్కెర రొట్టె కోస్తారు. ఇంతమందిలో అందరికంటే గొంతున్న మనిషి హింకె. ఊరి పిల్లలకు మంచు మీద జారడం నేర్పింది ఆవిడే. కాలవకు ఇటు గట్టున నిలబడి "మోకాళ్ళు వంచు" అని అరిస్తే అటు గట్టున పోస్టుమాన్ కూడా వంచేవాడట. కొట్టం ఆఫ్కెది అయినా, పెరట్లో అందరి బండ్ల మడతలూ సరిచేసేది హింకెయే. ఒకే ఒరలో రెండు కత్తులు. ఇద్దరూ ఏటా గొడవపడేవారు, ఏటా కలిసే సూపు తాగేవారు.

ఈసారి శనివారం పొద్దున్నుంచీ ముసురు పట్టింది. అయినా చాలామంది ముందే ఇంటి దగ్గర ఆరబెట్టుకుని వచ్చారు. మధ్యాహ్నానికి కొట్టం నిండింది. గుమ్మం పక్క ఆఫ్కె బండి చోటు తప్ప ఇంకేమీ మిగల్లేదు. ఆవిడ బండి చూరు కింద తన వంతు కోసం ఎదురుచూస్తోంది. అప్పుడు వచ్చాడు గెర్లోఫ్.

గెర్లోఫ్ హింకె మొగుడు. బతుకంతా కాలవ మీది వంతెన కాపలా కాశాడు. పడవ వస్తే వంతెన ఎత్తడం, గాలపు కర్రకు చెక్కబూటు ఒకటి వేలాడదీసి పడవవాళ్ళ ముందుకు దించి అందులో సుంకం వేయించుకోవడం. తొందరపాటు తెలీని మనిషి. కారు వెనక మడతబండి ఉంది, దాని మీద నీలం ప్లాస్టిక్, దాని మీద తాళ్ళు. కారులో ముందు సీట్లో హింకె, ఒళ్ళో చేతికర్ర. వానకు మసకబారిన అద్దంలోంచి ఎటో చూస్తోంది.

జరిగింది ఆఫ్కెకు కొంత తెలుసు. సెప్టెంబరులో ఇద్దరూ ఆర్డెన్ కొండల్లో ఏటిగట్టున గుడారం వేసుకుని దిగారు. ఒకరోజు పొద్దున కాఫీ కలుపుతూ కలుపుతూ హింకె కూలిపోయింది. కుడిచెయ్యి, కుడికాలు, మాట, అన్నీ ఒక్కసారే పడిపోయాయి. గెర్లోఫ్ అంబులెన్సులో వెళ్ళిపోతే, పక్క గుడారాలవాళ్ళెవరో వానలోనే వీళ్ళ బండి మడిచారు. ఇంకెవరో పుణ్యాత్ములు ఇంటిదాకా లాక్కొచ్చి షెడ్డులో పెట్టి, తడవకూడదని ప్లాస్టిక్ కప్పి మరీ పోయారు. హింకె ఈ మధ్యే ఆసుపత్రి నుంచి వచ్చింది. నడక కర్రతో వస్తోంది. మాటే, అవును కాదు తప్ప తిన్నగా రావట్లేదు.

గెర్లోఫ్ కారు దిగి తలుపు మెల్లగా వేసి, ఆఫ్కె దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"విప్పొద్దులే ఆఫ్కె. దూడల పాకలోకి తోసెయ్. వసంతంలో ఎవరన్నా కొంటే ఇచ్చేస్తా."

ఆఫ్కె ప్లాస్టిక్ అంచు ఎత్తి చూసింది. లోపల్నుంచి పాతబావి వాసన కొట్టింది.

"అప్పట్నుంచి విప్పనే లేదా?"

"ఇది ఇద్దరు పట్టే పని. నీకు తెలీదా?"

"మరి ఇద్దరూ వచ్చారుగా" అంది ఆఫ్కె, కారు వైపు చూస్తూ.

గెర్లోఫ్ తల అడ్డంగా ఊపాడు. హింకెను దీని దగ్గరికి తీసుకురావడం తనకిష్టం లేదన్నాడు. చూస్తే బాధపడుతుంది, అందుకే త్వరగా వదిలించుకుందామనుకున్నానన్నాడు. అమ్మే సంగతి హింకెకు తెలుసా అని ఆఫ్కె అడిగింది. ఏం చెప్పగలదని అడగను అన్నాడతను.

ఆఫ్కెకు తిక్క రేగింది. ఆవిడకు తిక్క రేగితే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆ తగ్గడమే భయం.

"ఈ కొట్టంలో అన్నేళ్ళు ఆవులున్నాయి. ఒక్కదానికీ మాట రాదు. ఏది ఎటు పోవాలనుకుంటోందో నాకు తెలియకుండా పోయిందా?"

"మా ఆవిణ్ణి ఆవంటున్నావా?"

"నిన్నంటున్నా. దూడవి నువ్వు. పాక నీకే సరిపోద్ది."

గెర్లోఫ్‌కు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆఫ్కె అప్పటికే కారు దగ్గరికి వెళ్ళి తలుపు తెరిచేసింది. ఆవిడ జాలిగా పలకరించలేదు, ఎలా ఉన్నావని అడగలేదు. దిగు, పనుంది, ఇది తడిగా ఉంది, నా కొట్టం రూలు నీకు తెలుసు అంది. హింకె ఆవిడ మొహంలోకి కాసేపు చూసి, ఎడమ చెయ్యి చాపింది.

గుమ్మం లోపల, ఆఫ్కె బండి చోటులో, గెర్లోఫ్ బండిని నిలిపారు. బయట వాన ఉంది కాబట్టి విప్పడానికి ఆ చోటు తప్ప గతిలేదు. హింకెకు కుర్చీ వేసి మోకాళ్ళ మీద దుప్పటి కప్పారు. ఆవిడ బండి వైపు చూడలేదు. కొట్టం వాసాలు లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తూ కూర్చుంది. సూపు గిన్నెలు పట్టుకుని నలుగురైదుగురు కొట్టంలోకి తెరుచుకునే వంటింటి గుమ్మంలో గుమిగూడారు.

ఒక్కో మడతబండిది ఒక్కో తీరు. ఆఫ్కె బండి పక్కకు తెరుచుకుంటుంది, వీళ్ళది వెనక్కి. ఇన్నేళ్ళూ విప్పింది గెర్లోఫ్ చేతులే అయినా, చెప్పింది హింకె నోరు. ఏ కమ్మీ తర్వాత ఏ కమ్మీ అని అతను ఎన్నడూ గుర్తుపెట్టుకోలేదు, ఆ అవసరమే రాలేదు. మూత ఎత్తి, ముందు వంపుకమ్మీ పట్టుకుని లేపాడు. గుడ్డ సగం లేచి ఇరుక్కుపోయింది. అపరిచితులెవరో తిరగేసి మడిచారు పాపం. ఆఫ్కె అటువైపు నుంచి లాగింది. ఎక్కడో కుట్టు పర్రుమంది. దింపారు, మళ్ళీ ఎత్తారు. మళ్ళీ ముందుదే ఎత్తాడు.

వెనక చేతికర్ర నేలకు టక్కుమని తగిలింది.

గెర్లోఫ్ వినిపించుకోలేదు. కమ్మీ ఒక చేత్తో, గుడ్డ ఒక చేత్తో పట్టుకుని ఆయాసపడుతున్నాడు. కర్ర మళ్ళీ తగిలింది, ఈసారి గట్టిగా. ఆఫ్కె తల తిప్పి చూసింది. హింకె కుర్చీలో ముందుకు వంగింది. మొహం ఎర్రబడింది. ఎడమ చెయ్యి కర్రను తుపాకీలా బండి వైపు చాచింది. నోరు తెరుచుకుంది, మూసుకుంది, మళ్ళీ తెరుచుకుంది.

"మొద్దు!"

కొట్టమంతా వినబడింది. కాలవకు అటు గట్టున పోస్టుమాన్‌కు వినబడే గొంతు అది.

గెర్లోఫ్ కమ్మీ వదిలేశాడు. గుడ్డ వచ్చి నెత్తిన పడింది. గుడ్డ కింది నుంచే అడిగాడు.

"నన్నేనా? ఆఫ్కె, అది నన్నే అందా?"

"ఇక్కడ ఇంకెవరున్నారు ఆ పేరుకి?" అంది ఆఫ్కె.

పెళ్ళయిన నాటి నుంచి అతను రోజూ విన్న మాట అది. వేలసార్లు విసుక్కున్నాడు దాని మీద. ఇప్పుడు గుడ్డ తొలగించుకుని బయటికొచ్చి, భార్య ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఇంకోసారి అనమని బతిమాలాడు. హింకెకు అతని మోకాళ్ళ మీద ఆసక్తి లేదు. కర్రతో అతన్ని పక్కకు నెట్టి, బండి వెనక వైపు చూపించింది. ఏదో చెప్పబోయింది. వెదుక్కుంది. దొరికింది వేరే మాట.

"బఠాణీ" అంది.

తప్పని ఆవిడకే తెలిసిపోయింది. కోపంగా మళ్ళీ ప్రయత్నించింది, మళ్ళీ "బఠాణీ"యే వచ్చింది. సూపు గిన్నెలవాళ్ళు ఇబ్బందిగా కాళ్ళు కదిపారు. ఆఫ్కె మాత్రం కర్ర కొస ఎటుందో చూసింది.

"వెనక కమ్మీ ముందు ఎత్తాలట. విన్నావా? బఠాణీ ముందు" అంది.

గెర్లోఫ్ వెనక కమ్మీ ఎత్తాడు. గుడ్డ ఇరుక్కోకుండా జారి వచ్చింది. కర్ర టక్కుమంటే ఆగడం, రెండుసార్లు టక్కుటక్కుమంటే లాగడం. మధ్యలో రెండు మొద్దులు, మూడు బఠాణీలు. కాసేపటికి గుడారం నిలబడింది.

నిలబడింది గాని గుర్తుపట్టేలా లేదు. ఒక పక్క గుడ్డంతా నల్ల మచ్చలు పట్టాయి. పరుపులు నీళ్ళు పీల్చి బరువెక్కాయి. పొయ్యిగట్టు మీద ఆ పొద్దుటి కాఫీ గిన్నె అలాగే ఉంది, అడుగున పొడి గట్టిపడి. హింకె రెయిన్‌కోటు కొక్కేనికి వేలాడుతోంది. గెర్లోఫ్ అది చూసి మొహం తిప్పుకున్నాడు. దూడల పాకే నయమని అతను అనుకుంటున్నట్టు ఆఫ్కెకు అర్థమైంది. ఆమె అలవాటు ప్రకారం లోపలికి దూరి చెంప ఆనించింది. చేపను ఆనించినట్టుంది.

తిరిగి చూస్తే హింకె లేచి నిలబడి ఉంది. అడుగులో అడుగేసుకుంటూ వచ్చి గుడారం అంచు పట్టుకుంది. తలవంచి, అచ్చం ఆఫ్కె చేసినట్టే, గుడ్డకు కుడిచెంప ఆనించింది. అలాగే ఉండిపోయింది. ఆ చెంపకు స్పర్శ లేదు. ఆ సంగతి గెర్లోఫ్‌కు తెలుసు, అతని కళ్ళలో చూసి ఆఫ్కెకూ తెలిసింది. హింకె తల ఎత్తి, నెమ్మదిగా మొహం అటు తిప్పి, ఎడమ చెంప ఆనించింది. వెంటనే మొహం చిట్లించుకుంది.

"తడి" అంది.

అది సరైన మాట. ఆఫ్కె ఏడ్చే రకం కాదు కాబట్టి, పరుపులు ఎవరు మోస్తారని సూపు గిన్నెలవాళ్ళ మీద కేకలేసింది.

తర్వాతి వారం కొట్టం తలుపులు పగలంతా తెరిచే ఉంచారు. వాన వెలిసి తూర్పుగాలి తిరిగింది. పొడిగాలి, చెవులు కోసే గాలి, గుడ్డలకు మాత్రం అమృతం. పరుపులు ఆఫ్కె వంటింట్లో పొయ్యి చుట్టూ నిలబడ్డాయి. రొమ్మెర్ట్ వాటి మధ్యనుంచి పక్కకు తిరిగి నడుస్తూ ఒక్క మాటా అనలేదు. గెర్లోఫ్, హింకె రోజూ మధ్యాహ్నం వచ్చారు. గెర్లోఫ్ బూజును బ్రష్షుతో రుద్దుతుంటే హింకె కుర్చీలోంచి కర్రతో మిగిలిన చోటు చూపించింది. మచ్చలు పూర్తిగా పోలేదు. పోవని ఆఫ్కె మొదటిరోజే చెప్పింది. మచ్చ ఉండిపోతుంది, గుడ్డ మాత్రం గట్టిది, ఇంకా చాలా వానలు ఆపుతుంది అంది.

చివరికి ఒకరోజు ఆఫ్కె గుడ్డకూ కుట్లకూ చెంప ఆనించి, పరీక్ష పాసైందని తలూపింది. ఆ మాట చాలదన్నట్టు హింకె తన ఎడమ చెంపతో ఇంకోసారి చూసుకుని తలూపింది. కర్ర చప్పుళ్ళ మీద బండి మడిచారు. ఈసారి మడత అంచుకు అంచు కలిసింది.

రొమ్మెర్ట్ ట్రాక్టరు తెచ్చి బండిని గుమ్మం బయటికి లాగాడు. గెర్లోఫ్ గొంతు సవరించుకున్నాడు. ఆఫ్కె చేసిందానికి ఎంతో రుణపడ్డానన్నాడు. ఇప్పుడు పొడిగా ఉంది కాబట్టి కొనేవాళ్ళు కూడా త్వరగానే వస్తారన్నాడు. దూడల పాక తలుపు తీస్తే తనే తోసేస్తానన్నాడు. అవన్నీ నేల చూస్తూ అన్నాడు.

ఆఫ్కె హింకె వైపు తిరిగింది.

"హింకె, మీ ఆయన దీన్ని దూడల పాకలో పెట్టి అమ్మేద్దామంటున్నాడు. నువ్వు చెప్పు. ఎక్కడ పెట్టమంటావ్?"

గెర్లోఫ్ చివాలున తలెత్తాడు. హింకె అతని వైపు చూసిన చూపులో, ఈ సంగతి ఆవిడకు ఇప్పుడే తెలిసిందని స్పష్టంగా ఉంది. ఆ చూపును అతను తట్టుకోలేకపోయాడు. ఆవిడ కర్ర ఊతంగా కుర్చీలోంచి లేచింది. దూడల పాక ఎడమ పక్కనుంది, అటు పోలేదు. బండిని బయటికి లాగడంతో ఖాళీ అయిన గుమ్మం పక్క చోటు మధ్యకు నడిచి, కర్రను నేలకు తాటించింది.

"అది ఆఫ్కె చోటు హింకె" అన్నాడు గెర్లోఫ్ మెల్లగా. "అక్కడ వాళ్ళ బండి ఉంటుంది. ఏటా వాళ్ళే కదా ముందు పోయేది."

కర్ర మళ్ళీ నేలకు తగిలింది.

రొమ్మెర్ట్ ట్రాక్టరు ఇంజను ఆపేశాడు. ఆఫ్కె ఏమంటుందోనని ఆయన కూడా ఎదురుచూస్తున్నాడు. కొట్టం మొదలైన నాటి నుంచి ఆ చోటు ఇంకొకరికి ఇచ్చింది లేదు. సొంత చెల్లెలు అడిగినా ఇవ్వలేదు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి. ఈస్టర్ ముందు రోజు ఊరి మధ్యనుంచి ముందుగా పోయే బండి తనదే కావాలని ఆవిడకు ఉన్న పిచ్చి ఇంతా అంతా కాదు. ఇప్పుడూ ఉంది. ఆ చోటులో నిలబడ్డ హింకెను చూస్తూ, తనకు ఎంత కష్టంగా ఉందో ఆవిడ దాచుకోలేదు. ముక్కు ఎగబీల్చింది, చేతులు నడుమున పెట్టుకుంది.

"రొమ్మెర్ట్, ముందు మన బండి తీసుకురా. లోపలికి తోసెయ్. దీన్ని తర్వాత పెడదాం" అంది.

రొమ్మెర్ట్ ఇంజను మళ్ళీ తిప్పాడు. "మంచిది" అన్నాడు. ఆ రోజుకు ఆయన మాటల్లో అదొకటి.

లోపలి బండ్లను ఒకదానికొకటి ఆనేలా నెట్టాక ఆఫ్కె బండి లోపలికి జరిగింది. దాని ముందు, గుమ్మానికి ఆనుకుని, గెర్లోఫ్ వాళ్ళది చేరింది. గెర్లోఫ్ చక్రాలకు చెక్కలు పెట్టి, పరధ్యానంలో పడి హ్యాండ్‌బ్రేకు కూడా లాగిపెట్టాడు. కర్ర టక్కుమంది. అతను నాలిక్కరుచుకుని బ్రేకు వదిలేశాడు. ఆఫ్కె పాత పూల దుప్పటి ఒకటి తెచ్చి బండి మీద కప్పి, అంచులు సర్ది, అప్పుడు గెర్లోఫ్ ముందుకు వచ్చి నిలబడింది.

"చూసుకో. నా బండి మీ బండి వెనకుంది. మీరు కదిలితేనే నేను కదిలేది. ఆవుల్ని అమ్మినప్పట్నుంచి ఒక్క ఈస్టర్‌కీ నేను ఇంట్లో కూర్చోలేదు. ఈసారి కూర్చున్నానంటే ఊళ్ళో నీకు నిలవనీడ ఉండదు."

"హింకెకు నడవడమే కష్టంగా ఉంది ఆఫ్కె" అన్నాడు గెర్లోఫ్. అయినా అతని కళ్ళు దుప్పటి కప్పిన బండి మీదే ఉన్నాయి. "ఈస్టర్‌కల్లా ఏమవుతుందో..."

"నిన్నడగలేదు" అని ఆఫ్కె హింకె వైపు తిరిగింది. "ఈస్టర్‌కి బయల్దేరతావా లేదా? అది తేల్చు. నేను దీవికి వెళ్ళే పడవకు చెప్పుకోవాలి."

హింకె తొందరపడలేదు. కర్రను బండి మీదికి ఆనించి, మంచి చేత్తో దుప్పటి సర్దింది. కళ్ళు మూసుకుని మాట కోసం లోపలెక్కడో చాలాసేపు వెతికింది. దొరికినట్టుంది. గడ్డం ఎత్తి, కాలవగట్టు మీద నిలబడినప్పటి దర్జాతో, ఎవరూ పొరబడడానికి వీల్లేనంత గట్టిగా చెప్పింది.

"బఠాణీ."

గెర్లోఫ్ అర్థం చెప్పబోయాడు.

"నాకు తెలిసింది" అంది ఆఫ్కె. "మీ ఇద్దరికీ రెండు పడవ టిక్కెట్లు ఎక్కువ చెప్తాను. తప్పుకో, తలుపు వెయ్యాలి."